రాజుగారి పతకానికి పసుపు బొట్టు

అది రెండు వేల ఇరవై నాలుగు. కువైట్‌లో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. అబ్బాసియాలో కూరగాయల కొట్టుకీ, మొబైల్ రిపేరు షాపుకీ మధ్య ఇరుగ్గా ఉండే నా లేడీస్ టైలర్ షాపులో జరిగిన సంగతి ఇది. నా పేరు మంగతాయారు. మాది రాజోలు పక్కన పల్లెటూరు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఈ దేశానికి ఇంటిపనికని వచ్చి, తర్వాత కుట్టుపని పట్టుకున్నాను. మనవలు పుట్టారు, జుట్టు తెల్లబడింది, మిషను మాత్రం ఆగలేదు.

కుట్టుపనిలో మరిచిపోలేని సంగతి రాయమంటే ఎవరైనా పెళ్లి జాకెట్ల గురించి రాస్తారు. నేను జానెడు రిబ్బన్ గురించి రాస్తాను. అది బాగుచేసినన్నాళ్లూ నా కడుపు మండుతూనే ఉంది. ఆ మంట సంగతి దాచిపెట్టి రాస్తే రాసినట్టే కాదు.

ముందు మా పనిలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. పెళ్లి జాకెట్టుకి నెక్ డెప్త్ అని ఒకటి చూస్తాం. అంటే మెడ కింద కోత ఎంత లోతుకి దిగాలో కొలవడం. హారం ఎక్కడికి వచ్చి ఆగుతుందో తెలిస్తే తప్ప ఆ కోత కుదరదు. అందుకని ఆడవాళ్లు జాకెట్టు గుడ్డతో పాటు హారం కూడా తెచ్చి నా చేతిలో పెడతారు. నేను దాన్ని నా మెడలో వేసుకుని, అద్దం ముందు నిలబడి, సుద్దతో గీత పెట్టుకుంటాను. కాసుల పేర్లు, పచ్చల హారాలు, ఎన్ని వేసుకున్నానో. గీత పెట్టుకోగానే తీసి డబ్బాలో పెట్టేస్తాను. వాటి మీద నాకు ఏనాడూ ఆశ పుట్టలేదు.

ఇక వెంకటలక్ష్మి. అదీ మా వైపుదే. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు ఇద్దరం ఒకే కువైటీ ఇంట్లో పనిచేశాం. వెంకటలక్ష్మి పని మహా నిదానం. అది ఒక దిష్‌దాషా, అదే ఇక్కడి మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ, ఇస్త్రీ చేసేలోగా నేను గదంతా ఊడ్చి తడిగుడ్డ పెట్టేసేదాన్ని. ఆ ఇంటి చిన్న పిల్లాడికి మాట రాదు. హవల్లీలో ఒక ఇంగ్లీషు మేడమ్ నడిపే చిన్న బడికి వెళ్లేవాడు. మాట రాని, నడక రాని పిల్లల కోసం పెట్టిన బడి అది. ఒకరోజు ఆ మేడమ్ ఇంటికి వచ్చి, బడిలో ఆయా కావాలి, నువ్వొస్తావా అని అడిగింది. ఎవర్ని? నన్ను. ముందు నన్నే.

జీతం చెబితే అది మా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇచ్చేదానికంటే తక్కువ. నేను లెక్క చూసుకునే మనిషిని. “ఈమెను తీసుకెళ్లండి, నెమ్మదస్తురాలు” అని వెంకటలక్ష్మిని చూపించాను. వాళ్ల పిల్లాడు చదివే బడే కాబట్టి మామా కూడా అడ్డు చెప్పలేదు. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కాగితం, బడి పేరు మీదకి మార్చి పంపేసింది. నేను కొన్నాళ్లకి కుట్టుపనికి వచ్చేశాను. వెంకటలక్ష్మి మాత్రం ఆ బడిలోనే ఉండిపోయింది. పిల్లల మూతులు తుడిచింది, గుడ్డలు మార్చింది, బస్సులోంచి చంకనెత్తుకుని దించింది. ఆ పిల్లల తల్లులందరూ, వాళ్లలో ఇంగ్లీషువాళ్లూ ఉన్నారు, కలిసి లండన్‌కి రాశారట. అక్కడి రాజుగారు మన వెంకటలక్ష్మికి పతకం ఇచ్చారు.

ఆ కబురు మోసుకుని, తీపి డబ్బా పట్టుకుని అది నా షాపుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

“అక్కా, నాకు రాజుగారు మెడల్ ఇస్తున్నారంట.”

“ఏ రాజే?”

“ఇంగ్లండు రాజుగారక్కా.”

“ఏడిసావులే. ఆయనకి నువ్వెలా తెలుసే?”

“నాకూ అదే తెలవట్లేదక్కా. మా మేడమ్ చెప్తే నవ్వేను. కాయితం చూపించేక కూర్చుండిపోయేను.”

మిఠాయి ఒకటి తీసుకుని డబ్బా మూత పెట్టేశాను. ఎంతమంది పెళ్లికూతుళ్లకి కుట్టాను! మా తెలుగువాళ్ల సంఘం చందా ఇచ్చిన ప్రతివాడికీ శాలువా కప్పుతుంది. నాకు ఒక చెక్క మెమెంటో అయినా ఇచ్చిన పాపాన పోలేదు. ఆ ఉద్యోగం ముందు నన్నే కదా అడిగింది అనే మాట మిషను చప్పుడుతో పాటు బుర్రలో తిరుగుతూనే ఉంది.

అప్పుడు షాపులో హవల్లీ నుంచి వచ్చిన శైలజ గారు ఉంది. హైదరాబాద్ మనిషి, భర్త ఇంజనీరు, తనూ బాగా చదువుకుంది. ఆమె చెప్పిన దాన్నిబట్టి ఇందులో మెట్లుంటాయి. పై మెట్టు వాళ్ల పేరు ముందు సర్ అని చేరుతుంది. వెంకటలక్ష్మిది బ్రిటిష్ ఎంపైర్ మెడల్, చాలా కింది మెట్టు. వెంకటలక్ష్మి అటు వెళ్లగానే శైలజ గారు పెదవి విరిచింది.

“ఇప్పుడు వాటిని ఎవరు పట్టించుకుంటున్నరాంటీ? అక్కడోళ్లే కొందరు మాకొద్దని తిప్పి పంపుతున్నరు. సినిమావాళ్లకూ ఆటగాళ్లకూ పంచుకుంట పోతరు.”

“అంతేనా అమ్మా?”

“మరి? దాని పేర్లోనే ఎంపైర్ అని ఉంది చూడండి. అంటే సామ్రాజ్యం. మనల్ని ఏలిన సామ్రాజ్యమే. ఇప్పుడేదీ అది? లేని దాని పేరు మీద మెడల్ ఏందాంటీ, కామెడీ కాకపోతే!”

ఆ మాటలు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా చెప్పమ్మా, ఇంకా చెప్పు అనిపించింది. ఎప్పుడూ సూది కూడా ఊరికే ఇవ్వని దాన్ని, ఆరోజు ఆవిడ పాత జాకెట్టుకి ఊడిపోయిన హుక్కులు ఊరికే కుట్టి ఇచ్చాను.

పతకం ఇచ్చే రోజుకి జాకెట్టు కుట్టించుకోవడానికి వెంకటలక్ష్మి నా దగ్గరికే వచ్చింది. మంచి ఉప్పాడ చీర తెచ్చుకుంది. పతకం ఇచ్చేది ఇక్కడున్న ఇంగ్లండు ఎంబసీలో, అక్కడి పద్ధతి కొంచెం వేరు. పతకం తీసుకునే మనిషి బట్టకి ఎడమవైపు ముందే ఒక చిన్న కొక్కెం గుచ్చి ఉంచుతారట. రాయబారిగారు వచ్చి పతకాన్ని దానికి తగిలించి చెయ్యి కలుపుతారు.

“ఎడమవైపు అంటే పైట కదే! పైట జారిందంటే రాజుగారి మెడల్ కూడా నేల మీద పడుద్ది.”

“అందుకే నీ దగ్గరికొచ్చేనక్కా.”

పట్టుచీర మీద బరువు గుచ్చితే నేత విడిపోతుంది. పైట లోపలివైపు బక్రం ముక్క వేశాను. బక్రం అంటే చొక్కా కాలరు గట్టిగా నిలబడటానికి లోపల పెట్టే గుడ్డ. దాన్ని చీర రంగు పట్టుదారంతో సన్నగా, పైకి కుట్టు కనబడకుండా పట్టి వేశాను. తర్వాత ఆ పైట జాకెట్టు భుజానికి కదలకుండా నిలిచేలా లోపల ఒక టిచ్ బటన్ పెట్టాను. కడుపు మండుతున్నా కుట్టు వంకర పోలేదు. నా కుట్టు మీద నాకున్న మోజు అలాంటిది.

ఆ పండగ బాగానే జరిగిందట. ఫోటోలు అబ్బాసియాలో ప్రతి ఫోనులోకీ వచ్చాయి. మా వాళ్లు మొట్టమొదట అడిగిన ప్రశ్న, బంగారమేనా, ఎన్ని గ్రాములు అని. వెండి అని తెలిశాక కొన్ని మొహాలు విచ్చుకున్నాయి. వాటిలో నాదొకటి.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం వెంకటలక్ష్మి మళ్లీ వచ్చింది. చేతిలో సంచి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“తలుపెయ్యక్కా.”

“మిట్టమధ్యాహ్నం తలుపెయ్యడమేంటే, గిరాకీ పోద్ది.”

“నీకు దణ్ణం పెడతాను, తలుపెయ్యి.”

తలుపు వేశాను. సంచిలోంచి డబ్బా తీసింది. అందులో పతకం. గుండ్రటి వెండి బిళ్ల, పైన రిబ్బన్ ముడి. మగవాళ్లకి రిబ్బన్ తిన్నగా వేలాడుతుంది. ఆడవాళ్లకైతే దాన్ని బో లాగా, అంటే పాపాయి జడకి కట్టే పువ్వు ముడిలాగా కట్టి ఇస్తారు. గులాబీ రంగు పట్టు, రెండు అంచులా ముత్యం లాంటి బూడిదరంగు. ఆ గులాబీ మీదకీ, ఒక అంచు మీదకీ పాకి, ఎండిన నెత్తురులా ఎర్రటి మరక.

“ఏంటే ఇది?”

“పసుపక్కా.”

“పసుపు ఎర్రగా ఉంటుందా?”

“సబ్బెట్టి తోమేను.”

“నీ దుంప తెగ! పట్టుకి సబ్బా? అసలు దీని మీదకి పసుపెలా వచ్చిందే?”

అది ఏడుస్తూ పతకాన్ని తిప్పి చూపించింది. “నువ్వే చూడక్కా. అమ్మవారు కూర్చున్నట్టు లేదూ? చేతిలో త్రిశూలం కూడా ఉంది. పక్కన సూర్యుడు. శుక్రవారం పూట దేవుడి దగ్గరెట్టి, కాసిన్ని నీళ్లతో పసుపు కలిపి బొట్టెట్టేను. కుంకం అద్దేను. పొద్దున్న చూస్తే కిందకి కారిపోయుంది.”

నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. నిజమే. ఒక ఆడమనిషి దర్జాగా కూర్చుని ఉంది, చేతిలో మూడు మొనల శూలం. వాళ్ల దేశాన్నే అలా ఆడమనిషిగా బొమ్మ గీసుకున్నారని తర్వాత శైలజ గారు ఫోనులో చూసి చెప్పింది. ఆ వేళ అది నా చేతిలో పెట్టి ఉంటే నేనూ బొట్టు పెట్టేదాన్నే. మా ఇళ్లలో కొత్త కుక్కరు కొన్నా బొట్టు పెట్టకుండా పొయ్యి ఎక్కించం.

“గురువారం రాయబారిగారి బంగళాలో మళ్లీ విందక్కా. మెడల్ వచ్చినోళ్లందరూ పెట్టుకునే రావాలన్నారు. మా మేడమ్ కూడా వస్తాది. ఇలా చూసేరంటే, రాజుగారంటే దీనికి గౌరవం లేదంటారు. తిరిగిచ్చెయ్యమంటే ఏం చేసేది? మేడమ్ అసలే...”

“అసలే?”

“ఏం లేదులే.”

అబద్ధం ఎందుకు, ఆ మరక చూడగానే లోపల చల్లటి గాలి తగిలినట్టయింది. రాజుగారి పతకం మామూలు మైలగుడ్డలా నా బల్ల మీద పడి ఉంది. కానీ గుడ్డ మీద మరక కనబడితే నా చెయ్యి ఊరుకోదు, అది ఎవరిదైనా సరే.

“ఎంబసీవాళ్లని అడుగు, ఇంకో రిబ్బన్ ఇస్తారేమో.”

“వద్దక్కా! అడిగితే ఎందుకంటారు కదా. ఏమని చెప్పేది?”

రిబ్బన్లు అమ్మే కొట్లన్నీ తిరిగాను. గులాబీ దొరికితే బూడిద అంచు లేదు, అంచు దొరికితే అది పట్టు కాదు. లండన్ నుంచి తెప్పించవచ్చు గానీ గురువారం లోపు రాదు. ఇక మిగిలింది మరక తియ్యడమే.

పసుపు సంగతి మా పనిలో వాళ్లకి తెలియక తప్పదు, పెళ్లి బట్టలన్నీ దాంతోనే పాడవుతాయి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పులుపు తగిలితే మళ్లీ పసుపురంగుకి వస్తుంది. ఆ పసుపుకి ఎండంటే పడదు. చక్కటి ఎండలో పెడితే మెల్లగా వెలిసిపోతుంది. చిక్కేమిటంటే ఎండకి పసుపుతో పాటు గులాబీ కూడా వెలుస్తుంది.

ముందు ఆ ముడి ఏ మడత మీద ఏ మడత వచ్చిందో కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. తర్వాత స్టిచ్ ఓపెనర్‌తో, అంటే కుట్లు కోసే చిన్న కొక్కెంతో, ఒక్కొక్క కుట్టే విప్పాను. లోపలి మడతలో కనబడని చోట ఒక చుక్క నిమ్మనీళ్లు వేసి, రంగు దిగుతుందేమో చూశాను. దిగలేదు. అప్పుడు మరక మీద అద్దాను. ఎరుపు కరిగి పసుపైంది. మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాను. ఆ తర్వాత అట్టముక్క మధ్యలో సరిగ్గా మరక ఆకారంలో కంత కత్తిరించి, మరక మాత్రమే బయటికి కనబడేలా రిబ్బన్ మీద పరిచి, మేడ మీద ఎండలో పెట్టాను. పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నాను.

మొదటి రోజు పసుపు సగానికి తగ్గింది. రెండో రోజు దుమ్ముగాలి లేచింది. ఆకాశమంతా ఇటుకపొడి రంగు, ఎదురు బిల్డింగు కూడా కనబడలేదు. రిబ్బన్ లోపల దాచి, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. వెంకటలక్ష్మి గంటకోసారి ఫోను.

“ఎండొచ్చిందా అక్కా?”

“నా చేతిలో ఉందా ఎండ? ఫోనెట్టు. నా పని చెడిపోతోంది.”

మూడో రోజు కూడా సాయంత్రం దాకా తెరిపి ఇవ్వలేదు. గురువారం పొద్దున్న సూర్యుడు బాగా వచ్చాడు. మధ్యాహ్నానికి గులాబీ మీద మరక పోయింది. బూడిద అంచు మీద మాత్రం లేత పసుపు ఛాయ మిగిలింది. దాన్ని లోపలి మడతలోకి తిప్పి, బొమ్మ చూసుకుంటూ ముడి మళ్లీ కట్టాను. తిన్నగా చూస్తే తెలియదు. దగ్గరికొచ్చి పక్కనుంచి చూస్తే గోరంత కనబడుతుంది.

“అంతకంటే నా వల్ల కాదు.”

“బాగుందక్కా. నువ్వు కూడా రావాలి.”

“నేనెందుకే?”

“ఒక మనిషిని తెచ్చుకోమన్నారు. మధ్యలో ముడి ఊడితే నాకు కట్టడం వచ్చా?”

“అంటే సూదీ దారం పట్టుకుని నీ వెనకాల తిరగాలా?”

“తిరుగు. విందు కూడా ఉంటాది, ఊరికే.”

ఊరికే అన్నాక కాదనలేకపోయాను.

రాయబారిగారి బంగళా ముందు పచ్చగడ్డి మీద జనం. అక్కడ నేను చూసింది ఒకటుంది. ఇద్దరు ఎదురుపడితే చూపు ముందు ఎదుటివాళ్ల ఛాతీ మీదకి పోతుంది, ఆ తర్వాతే మొహం మీదకి వస్తుంది. మా పెళ్లిళ్లలో ఆడవాళ్లు మెడ చూశాక పలకరించుకున్నట్టే. ఒక ముసలాయన మెడలోంచి రిబ్బన్‌కి పెద్ద బిళ్ల వేలాడుతోంది. అందరూ ఆయన్ని సర్ అంటున్నారు. మేము బడిపంతులునీ సర్ అంటాం గానీ, ఆయనకి అది పేరులో కలిసిపోయిందట. ఆయన వెంకటలక్ష్మి దగ్గరికి వచ్చి, వంగి పతకం చూసి, పిల్లల గురించి అడిగి, చెయ్యి కలిపి వెళ్లాడు. పక్కన ఏ పతకమూ లేని ఇంకో తెల్లాయన అటే చూస్తూ గ్లాసు ఖాళీ చేశాడు.

అప్పుడు ఇంగ్లీషు మేడమ్ వచ్చింది. జుట్టు నా లాగే తెల్లబడింది, నీలం గౌను వేసుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. వెంకటలక్ష్మిని కావలించుకుని, “చాలా అందంగా ఉంది, లక్ష్మీ” అంది. ముడిని వేలితో తాకింది. వేలు అంచు దగ్గర ఆగిపోయింది.

“ఇదేమిటి?”

వెంకటలక్ష్మి నా వైపు చూసింది. చుట్టూ జనం. దుమ్ము పడిందను, టీ ఒలికిందను అని కళ్లతో చెబుతున్నాను. అదేమో వచ్చీరాని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. దేవుడి దగ్గర పెట్టాననీ, పసుపు కుంకం పెట్టాననీ, కారిపోయిందనీ. చివర్లో, “దేవుడికి మీ పేరు కూడా చెప్పాను మేడమ్, ఇది మీది కూడా అని” అంది.

మేడమ్ వేలు రిబ్బన్ మీదే ఉంది. పట్టు నాణ్యం చూసేవాళ్లు గుడ్డ మీద వేలు ఉంచినట్టు, తియ్యబుద్ధి కానట్టు ఉంది. తర్వాత ఆ పసుపు అంచుని ఇంకా లోపలికి మడిచి నొక్కింది. “ఇలా ఉంచు. ఎవరికీ కనబడదు” అంది. నవ్వింది కూడా. వెనక్కి తిరిగి వెళుతూ, తన గౌను మీద ఎడమవైపు, ఏమీ లేని చోట, ఒకసారి చేత్తో సర్దుకుంది.

ఆ సర్దుకోవడం ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారమంతా నా చెయ్యీ నా పైట మీద అక్కడికే పోతోంది.

టాక్సీలో అన్నాను. “మీ మేడమ్‌కి లోపల మంటగా ఉందే.”

“తెలుసక్కా. బడి ఆవిడది, కష్టం ఆవిడది. మెడలేమో ఆయాకొచ్చింది. మంచిది కాబట్టి దిగమింగుకుంది.”

“ఆ ఉద్యోగం ముందు నన్నే అడిగింది. గుర్తుందా?”

“ఎందుకుండదు? నెలకోసారి గుర్తు చేస్తానే ఉంటావు కదా.”

“నేనే చేరుంటే?”

వెంకటలక్ష్మి ఫక్కున నవ్వింది. “నువ్వా? నీకు చొంగ పడదక్కా. ఆ పిల్లలు మీద ఉమ్మేసేవోరు, జుట్టట్టుకు పీకేసేవోరు. నువ్వయితే వారం తిరక్కుండా మేడమ్‌ని కూడా తిట్టేసి ఇంటికొచ్చేసేదానివి.”

నేను కిటికీ వైపు తిరిగాను. కోపం వచ్చింది. అది అన్నందుకు వచ్చిందో, అన్నది నిజమైనందుకు వచ్చిందో చెప్పలేను.

శనివారం అది పైటలోని బక్రం ముక్క విప్పించుకోవడానికి చీరా, పతకం డబ్బా తెచ్చింది. అప్పటికే శైలజ గారు షాపులో ఉంది.

“అదేనా? ఏదీ ఒక్కసారి చూడనీయండి పిన్నీ.” చేతిలోకి తీసుకుంది. అంచుల మీద రాసిన ఇంగ్లీషు చదివి, “దేవుడి కోసం, సామ్రాజ్యం కోసం అంట” అని నవ్వింది. ఇచ్చేసింది. మళ్లీ అడిగి తీసుకుంది. ఆఖరికి వెంకటలక్ష్మి భుజం మీద చెయ్యి వేసి, పతకం బాగా కనబడేలా పట్టుకుని ఫోటో దిగింది.

“స్టేటస్ పెట్టుకుంటనాంటీ, మా చుట్టాలు కుళ్లుకోవాలె.”

“విలువ లేదన్నావు కదమ్మా?”

“అది వేరాంటీ” అంటూ వెళ్లిపోయింది. వెళ్లేముందు డబ్బు ఇస్తుంటే, ఆ రోజు ఊరికే కుట్టిన హుక్కుల కూలి కూడా కలిపే తీసుకున్నాను.

ఇద్దరమే మిగిలాం. వెంకటలక్ష్మి పతకాన్ని నా ముందుకి చాచింది.

“అక్కా, నువ్వు కూడా ఒకసారి పెట్టుకో. అద్దం ఎదురుగానే ఉంది కదా. ఎవరూ లేరు.”

నేను చెయ్యి చాచలేదు.

“నాది కాదే.”

“ఊళ్లో వాళ్ల హారాలన్నీ వేసుకుంటావు. అవి మాత్రం నీవా ఏంటి?”

“అవి కొనుక్కోవచ్చే.”

అనేశాక గానీ నేను ఏమన్నానో నాకే తెలియలేదు. ఇప్పుడు ఈ పతకాలకి విలువుందా లేదా అని ఎవరైనా నన్ను అడిగితే, రాజుల సంగతి నాకు తెలియదు, సామ్రాజ్యం సంగతి అసలే తెలియదు. నాకు తెలిసింది గుడ్డా, మంటా. కాసుల పేర్లు వేసుకుని తీసేసిన దాన్ని, ఒక వెండి బిళ్ల ఒక్క నిమిషం భుజాన పెట్టుకోలేకపోయాను. విలువ లేనిదైతే సరదాకి పెట్టుకుని, నవ్వుకుని, తీసేసేదాన్ని. విలువ లేని దాని కోసం ఆ మేడమ్ ఖాళీ గౌనుని సర్దుకునేది కాదు. దూరంగా ఉన్న రాజు ఇచ్చాడని కాదు, మన పక్కన కూర్చున్న మనిషికి వచ్చింది, మనకి రాలేదు. ఆ వచ్చిన మనిషీ, ఈ రాని మనిషీ ఉన్నంతకాలం ఆ వెండి ఉత్త వెండిగా ఉండదు.

“డబ్బాలో పెట్టు. ఈసారి బొట్టు డబ్బాకి పెట్టు, లోపల దానికి కాదు.”

“అలాగేనక్కా.”

అది లేచి వెళ్లబోయింది.

“కుట్టుకూలి?”

“మెడల్ వచ్చినోళ్లకి కూడానా?”

“మెడల్ వచ్చినోళ్లకే” అన్నాను. అది నవ్వుకుంటూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. నేను ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను.